ఎండలో, చేల మధ్య బొమ్మ వేయడానికి: ఏ రంగులు, ఏ నీడ, ఏ వేళ?

ఆరుబయట బొమ్మ వేయాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: నీటి రంగులా, ఆయిల్ రంగులా? గదిలో కూర్చుని వేసేవారికైతే అది ఇష్టాయిష్టాల సంగతి. ఎండ కాసే రోజున చేల మధ్య నిలబడి వేసేవారు అంతకంటే ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి. ఎదుట ఉన్న దృశ్యం ఎంతసేపు అలాగే ఉంటుంది? చేతిలోని రంగు ఎంతసేపు తడిగా ఉంటుంది? ఈ రెండు కాలాలకూ పొత్తు కుదిరితేనే బొమ్మ కుదురుతుంది. రంగుల పెట్టె నుంచి గొడుగు దాకా ప్రతి ఎంపికనూ నేను ఈ లెక్కతోనే తూస్తాను.

ముందు వెలుగు సంగతి. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు. రెండు గంటలు నిలబడితే 30 డిగ్రీలు. మొదలుపెట్టినప్పుడు ఎండ పడి మెరిసిన గోడ, ముగించే వేళకు సగం నీడలోకి జారిపోయి ఉంటుంది. నీడల పొడవూ ఊరుకోదు. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉంటే చెట్టు నీడ చెట్టంతే ఉంటుంది. 20 డిగ్రీలకు దిగితే దాదాపు రెండుముప్పావు రెట్లు, 10 డిగ్రీలకు దిగితే అయిదున్నర రెట్లకు పైగా సాగుతుంది. బారెడు పొద్దెక్కాక మొదలుపెడితే ఒక దృశ్యం మీకు గంట, గంటన్నర దక్కుతుంది. పొద్దు వాలే వేళైతే అరగంట దక్కడమే గొప్ప. ఫ్రెంచ్ చిత్రకారుడు క్లాడ్ మోనే 1890, 1891 సంవత్సరాల్లో గడ్డివాముల వరుస చిత్రాలు వేసినప్పుడు ఒకే కాన్వాస్‌తో కుస్తీ పట్టలేదు. పక్కన చాలా కాన్వాసులు పెట్టుకుని, వెలుగు మారగానే ఆ వెలుగుకు సరిపడే కాన్వాస్ అందుకునేవారు. అంతటి చేయి తిరిగిన చిత్రకారుడే వెలుగుతో పోటీ పెట్టుకోకుండా దాని వెంట నడిచారు. మనం వాడే రంగు కూడా ఆ నడకకు తగినదై ఉండాలి.

నీటి రంగులు

చాలామంది ఇంట్లో ఇప్పటికే ఉండేవి ఇవే. చిన్న పెట్టె, రెండు కుంచెలు, సీసాడు నీళ్లు, నాలుగు కాగితాలు ఉంటే చాలు. నడిచి వెళ్లేవారికి ఇంతకంటే తేలికైన సరంజామా లేదు. ఎండ పడిన తెల్లగోడ, మెరిసే కాలిబాట, నీటి మీద తళుకు లాంటివాటికి రంగు పూయకుండా వదిలేసిన కాగితపు తెలుపే సాటి. మరే రంగుతోనూ ఆ మెరుపు అంత స్వచ్ఛంగా రాదు.

అయితే ఆ తెలుపును ముందే అనుకుని వదలాలి. ఒకసారి పూసేశాక వెనక్కి తెచ్చుకోలేం. గదిలో తీరిగ్గా ఆలోచించి వదిలే తెల్లటి చోటు, బయట గాలి వీస్తూ నీడ జరిగిపోతుంటే చేయి జారి పోతుంది. రెండో చిక్కు ఆరే వేగం. పొడిగాలి ఉన్న ఎండరోజున ఆకాశానికి పూసిన నీలం సగం కాగితం దాటకముందే పైఅంచు ఆరిపోయి గీతలా గట్టిపడుతుంది. ఆ అంచును మెత్తబరచాలని మళ్లీ నీళ్లు పెడితే మరకలు కడతాయి. దీనికి విరుగుడు ఉంది. కాగితాన్ని రెండు వైపులా బాగా తడిపి, నీరు పీల్చని పలక మీద పరిస్తే వెనుక తడి చాలాసేపు ఆసరా ఇస్తుంది. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువున్న) కాటన్ కాగితం ఆ తడిని చక్కగా పట్టి ఉంచుతుంది. పల్చటి కాగితమైతే ఉబ్బి అలలు లేస్తుంది. కుంచె కూడా మీరు అనుకున్నదానికంటే ఒక సైజు పెద్దది తీసుకోండి. ఎక్కువ నీరు పట్టే కుంచె ఉంటే ఆకాశాన్ని ఒక్క ఊపులో ముగించవచ్చు.

ఇంకొక సంగతి: నీటి రంగు ఆరాక లేతగా తేలిపోతుంది. ఎండలో కాగితం మీద వెలుతురు ఎక్కువ కాబట్టి మనం అవసరానికి మించి ముదురుగా పూస్తాం. ఈ రెండు పొరపాట్లూ ఎదురెదురు దిశల్లో ఉండటం వల్ల ఒకదాన్నొకటి కొంత సరిచేస్తాయి. ఇంటికి తెచ్చి చూసుకుంటే నీటి రంగుల బొమ్మలు ఆయిల్ బొమ్మలంత నల్లబడినట్టు అనిపించకపోవడానికి ఇదీ ఒక కారణం.

నీటి రంగులతో చేయి బాగా అలవాటైనవారు ఎండలో ధైర్యంగా వీటినే పట్టుకెళ్లవచ్చు. ఇప్పుడే నేర్చుకుంటున్నవారికి మాత్రం ఎండలో మొదటి పాఠాలు వీటితో వద్దంటాను. రంగును అర్థం చేసుకునే లోపే అది ఆరిపోతుంటే నేర్చుకునేది తక్కువ, విసుగు ఎక్కువ.

గ్వాష్

కొత్తగా బయటికి వెళ్లేవారికి నా సలహా గ్వాష్. నీటి రంగుల్లో ఉండే తుమ్మజాతి జిగురే ఇందులోనూ ఉంటుంది. కాకపోతే రంగుపొడి పాలు ఎక్కువ కాబట్టి అడుగు కనిపించకుండా కప్పేస్తుంది. ముదురు మీద లేత రంగు పెట్టవచ్చు. చెట్టు ముద్దను ముందు నీడరంగుతో నింపేసి, దానిమీద ఎండ పడిన ఆకుల గుత్తులను తర్వాత వేసుకోవచ్చు. తెలుపు ఎక్కడ వదలాలో ముందే తేల్చుకునే పని లేదు. నీటి రంగులకు శత్రువైన ఎండే ఇక్కడ తోడుపడుతుంది. ఒక పొర ఆరేదాకా ఆగనక్కరలేదు, నిమిషంలో రెండో పొరకు సిద్ధం.

దీనికీ ఒక గుణదోషం ఉంది, అది ఎండ బొమ్మకే ఎక్కువ తగులుతుంది. గ్వాష్‌లో లేత రంగులు ఆరాక కొంచెం ముదురుతాయి, ముదురు రంగులు ఆరాక కొంచెం తేలుతాయి. అంటే వెలుగూ నీడా ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. ఎండ బొమ్మ నిలిచేదే ఆ రెండింటి మధ్య ఉన్న ఎడం మీద. తడిగా ఉన్నప్పుడు కణకణలాడిన ఎండ, ఆరాక మబ్బు కమ్మినట్టు అనిపించడానికి కారణం ఇదే. కాబట్టి బొమ్మ వేసే కాగితం నుంచే ఒక చీలిక కత్తిరించి పక్కన పెట్టుకోండి. కలిపిన ముఖ్యమైన రంగును ముందు దానిమీద ఒక చుక్క పెట్టి, ఆరాక చూసి, అప్పుడు బొమ్మలో వేయండి. ఎండలో ఆ చుక్క ఆరడానికి ఎంతోసేపు పట్టదు. ఎండ పడినచోట్లకు కలిపే రంగు కావాల్సినదానికంటే ఒక మెట్టు లేతగా, నీడకు కలిపేది ఒక మెట్టు ముదురుగా ఉంచడం నాలుగైదు బొమ్మల్లో చేతికి అలవాటవుతుంది.

ఆరిన గ్వాష్ తడి తగిలితే మళ్లీ కరుగుతుంది. పైపొర వేసేటప్పుడు కుంచెతో ఒకటి, రెండుసార్లకు మించి రుద్దితే అడుగు రంగు లేచి వచ్చి బురదవుతుంది. పెట్టిన గీతను వదిలేయడం నేర్పే రంగు ఇది. ప్యాలెట్ (రంగులు కలిపే పలక) మీద రంగు ఎండిపోకుండా తడిగుడ్డ అంచున పిండుకోవడం, సన్నటి తుంపర వచ్చే స్ప్రే సీసా దగ్గర ఉంచుకోవడం తప్పనిసరి. ట్యూబు నుంచి ఒకేసారి ఎక్కువ తీయకండి.

ఆయిల్ రంగులు

ఎండరోజున వేసే బొమ్మకు ఏ హద్దులూ లేకుండా ఒక్కటే ఎంచుకోమంటే నేను ఆయిల్ రంగులే ఎంచుకుంటాను. కారణం మళ్లీ ఆ కాలం లెక్కే. నీటి రంగు ఆరడమంటే నీరు ఇగిరిపోవడం. అవిసె నూనె అలా ఇగిరిపోదు, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మెల్లగా గట్టిపడుతుంది. దానికి రోజులు పడుతుంది. మీరు నిలబడే గంటన్నరలో ఎండ ఎంత కాసినా కాన్వాస్ మీది రంగు తడిగానే ఉంటుంది. ఆకాశాన్ని కొండ అంచులోకి కలపవచ్చు, తప్పయిన చోటును కత్తితో గీకేసి మళ్లీ వేయవచ్చు. గీకినచోట మిగిలిన మసక రంగు ఒక్కోసారి దూరపు చెట్లకు సరిగ్గా సరిపోతుంది. తడిగా ఉన్నప్పుడు ఏ రంగు కనిపించిందో ఆరాకా దాదాపు అదే ఉంటుంది. పైగా నీడలను పల్చగా, ఎండ పడిన చోట్లను దట్టంగా పూస్తే ఆ దట్టమైన రంగు గట్టు నిజమైన వెలుతురును కూడా పట్టి బొమ్మకు ఎండను తెచ్చిపెడుతుంది.

ఆయిల్ రంగులు బయటికి సులువుగా రావడం మొదలైందే 1841 తర్వాత. అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ ఆ ఏడాది నొక్కితే ముడుచుకుపోయే తగరపు ట్యూబుకు పేటెంట్ తీసుకున్నారు. అంతకుముందు రంగును పంది మూత్రాశయపు తిత్తుల్లో కట్టి ఉంచేవారు. ఒకసారి పొడిచి వాడాక దాన్ని మళ్లీ సరిగా మూయడం కుదిరేది కాదు.

ఇక ఇబ్బందులు. తడి బొమ్మను మోసుకురావడం మొదటిది. రెండు పలకలు ఒకదానికొకటి తగలకుండా గాడుల్లో నిలబెట్టే పెట్టె లేకపోతే సగం రంగు సంచికే అంటుతుంది. రెండోది, తడి రంగు మీద వాలనిది లేదు. విన్సెంట్ వాన్ గో 1889లో వేసిన ఆలివ్ చెట్ల చిత్రం ఒకటి అమెరికాలోని కాన్సస్ సిటీలో, నెల్సన్-అట్కిన్స్ మ్యూజియంలో ఉంది. అందులో రంగు మధ్య ఇరుక్కున్న చిన్న మిడత అవశేషాలు ఉన్నట్టు 2017లో వెల్లడైంది. మోనే 1870లో ట్రూవిల్ తీరంలో వేసిన చిత్రంలో ఇసుక రేణువులు ఇప్పటికీ ఉన్నాయి. మీ బొమ్మ మీద దోమ వాలితే అప్పటికప్పుడు తీయబోకండి, రంగు చెదిరిపోతుంది. ఆరాక గోటితో తట్టితే రాలిపోతుంది.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. నూనె రంగు తుడిచిన గుడ్డలు ఆరేటప్పుడు వేడి పుడుతుంది. వాటిని ఉండచుట్టి మూసిన సంచిలోనో, ఎండలో నిలిపిన వాహనంలోనో వదిలేస్తే ఆ వేడి బయటికి పోయే దారిలేక గుడ్డలు వాటంతటవే అంటుకోగలవు. పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లు పోసిన మూత డబ్బాలో వేయండి. ఆయిల్ రంగును పల్చన చేయడానికి, కుంచెలు కడగడానికి వాడే టర్పెంటైన్ కూడా మంటకు దగ్గరి చుట్టం. వేడి రోజున దాని ఆవిరి తలనొప్పి తెస్తుంది. బయట పని చేసినంతసేపూ కుంచెలను గుడ్డతో తుడుచుకుంటూ గడిపేసి, కడగడం ఇంటికి వచ్చాక పెట్టుకుంటే టర్పెంటైన్ మోయాల్సిన పనే ఉండదు. ఆ వాసన అసలే పడనివారికి నీటితో కలిసే ఆయిల్ రంగులు ఉన్నాయి. అవి నీటితో కడిగితే పోతాయి, కానీ ఆరే తీరు మాత్రం నూనెదే. అయితే ఎక్కువ నీరు కలిపితే జిగట పెరిగి కుంచె పట్టేస్తుంది. కలపడానికి వాటికోసమే తయారైన నూనె వాడటం మేలు.

యాక్రిలిక్, పేస్టెల్

మామూలు యాక్రిలిక్‌ను పొడి ఎండలోకి తీసుకెళ్లవద్దని గట్టిగా చెబుతాను. గ్వాష్ ఆరినా నీటితో మళ్లీ కరుగుతుంది. యాక్రిలిక్ ఆరితే ప్లాస్టిక్ పొరే. ప్యాలెట్ మీద కలిపిన రంగు, కుంచె మొదట్లో ఇరుక్కున్న రంగు నిమిషాల్లో గట్టిపడి రెండూ పనికిరాకుండా పోతాయి. మీ దగ్గర అదే ఉంటే, అదే ఇష్టమైతే, నెమ్మదిగా ఆరే రకం యాక్రిలిక్ ఎంచుకోండి. అడుగున తడి స్పాంజి ఉండే మూత ప్యాలెట్ వాడండి. రంగును కలిపి మెత్తబరిచే ఆలోచన మానేసి, గ్వాష్‌లాగా పక్కపక్కన మచ్చలు పేర్చండి. మబ్బు పట్టిన రోజున ఈ చిక్కులు సగానికి సగం తగ్గుతాయి. ఇంటికి బయలుదేరేసరికి బొమ్మ ఆరిపోయి ఉండటం ఒక్కటే దీనికి ఎండలో దక్కే లాభం.

పేస్టెల్ అంటే పొడి రంగు కడ్డీలు. ఇందులో ఆరడమనేదే లేదు కాబట్టి కాలం లెక్కలో అది అందరికంటే ముందుంటుంది. కడ్డీ తీసి రాయడమే, రంగు కలపడానికి ఒక్క క్షణం కూడా పోదు. పొద్దు వాలే అరగంటను పట్టాలంటే దీనికి మించింది లేదు. కానీ కడ్డీల పెట్టె బరువు. చాలినన్ని ఛాయలు లేకపోతే ఎండ, నీడల పచ్చదనం ఒకేలా తయారవుతుంది. గాలి వీచే చోట పొడి మీ ముక్కులోకి రాకుండా గాలికి అడ్డంగా నిలబడాలి. బొమ్మ మీద నున్నటి గ్లాసిన్ కాగితం కప్పి తీసుకురావాలి.

ఎండలో నిలబడాలా, నీడలోనా?

రంగుల తర్వాత బొమ్మ గతిని నిర్ణయించేది ఇదే. చాలామంది దీన్ని ఎంపికగానే లెక్కించరు. మిట్టమధ్యాహ్నం నేరుగా పడే ఎండలో వెలుతురు లక్ష లక్సుల (లక్స్ అంటే వెలుతురు కొలత) దాకా ఉంటుంది. ఇంటి గదిలో అది కొన్ని వందలే. ఎండ నేరుగా పడుతున్న కాన్వాస్ మీద నలుపుకు దగ్గరి రంగు కూడా కాంతిమంతంగా కనిపిస్తుంది. అక్కడ సరిగ్గా ఉందనుకున్న బొమ్మను గోడకు తగిలిస్తే చీకటి గుహలా ఉంటుంది. తెల్ల కాగితమైతే కళ్లు చెదిరి రంగుల తేడాలే తెలియవు.

కాబట్టి కాన్వాసూ ప్యాలెట్టూ రెండూ నీడలో ఉండాలి. ఒకటి ఎండలో, ఒకటి నీడలో ఉంటే అన్నిటికంటే చెడ్డది. ప్యాలెట్ మీద కలిపిన రంగు కాన్వాస్ మీదకు రాగానే మారిపోయినట్టు అనిపిస్తుంది. ఆ తేడా కన్ను మోసమే అయినా చేయి దాన్నే నమ్ముతుంది.

నీడకు మూడు దారులు. చెట్టు నీడ చల్లన, కానీ ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు కాన్వాస్ మీద ఆడుతుంటే ఏది బొమ్మలోని వెలుగో ఏది నిజం వెలుగో తెలియదు. ఆకుల్లోంచి వడగట్టుకుని వచ్చే వెలుతురులో పచ్చదనం కూడా ఉంటుంది. దట్టమైన చెట్టు కింద అంచుకు దగ్గరగా, ఆకాశం ఎక్కువ కనిపించే వైపు నిలబడితే నయం. గోడ నీడ, ఇంటి చూరు నీడ చెట్టు కంటే నిలకడైనవి.

గొడుగు రెండో దారి. ఎక్కడ కావాలంటే అక్కడ నిలబడే స్వేచ్ఛ ఇస్తుంది. తెల్ల గొడుగు కింద వెలుతురు బాగుంటుంది, కానీ కొంత ఎండ గుడ్డలోంచి దిగుతుంది. లోపల నలుపో బూడిద రంగో పూత ఉన్నది చల్లగా, నిలకడగా ఉంటుంది. ఎర్ర, నీలి గొడుగులు ఎంత అందంగా ఉన్నా వద్దు, ఆ రంగంతా కాన్వాస్ మీదకు దిగుతుంది. గాలి ఉన్న రోజున గొడుగును ఈజిల్‌కు (కాన్వాస్ నిలబెట్టే స్టాండుకు) బిగించకండి. ఒక్క విసురుకు గొడుగు, ఈజిల్, బొమ్మ మూడూ కలిసి పడతాయి. విడిగా నేలలో గుచ్చుకునే కర్ర ఉన్న గొడుగు మంచిది.

మూడో దారికి సామాను అక్కరలేదు. కాన్వాస్ వీపు సూర్యుడి వైపు ఉండేలా ఈజిల్ తిప్పుకుంటే బొమ్మ తన నీడలోనే ఉంటుంది. ప్యాలెట్‌ను కూడా ఆ నీడలోకి జరుపుకోవాలి. కానీ అప్పుడు మీరు సూర్యుడి వైపు చూస్తూ వేయాల్సి వస్తుంది. చెట్లు ముదురు ఆకారాలుగా, అంచులు మెరుస్తూ కనిపించే ఆ దృశ్యం మీకు నచ్చితే ఇదే అన్నిటికంటే తేలిక. రంగు అద్దాల కళ్లజోడు మాత్రం తీసేయండి. వెడల్పు అంచు టోపీ, అందులోనూ అంచు అడుగు భాగం ముదురు రంగులో ఉన్నది కళ్లకు చాలు. చొక్కా రంగునూ పట్టించుకోండి. తెల్ల చొక్కా మీద పడిన ఎండ తడి ఆయిల్ రంగు మీద జిలుగుగా ప్రతిఫలించి విసిగిస్తుంది. బూడిద రంగు చొక్కాతో ఆ గొడవ లేదు.

ఈజిల్ గురించి రెండు మాటలు

మడత కాళ్లతో, సొరుగుతో వచ్చే పెద్ద చెక్క ఈజిల్ పెట్టె గట్టిగా నిలబడుతుంది, పెద్ద కాన్వాస్ పడుతుంది. వాహనం పక్కనే వేసుకునేవారికి బాగుంటుంది. గట్ల వెంట నడిచి వెళ్లేవారికి అది శిక్ష. కెమెరా స్టాండ్ మీద బిగించే చిన్న రంగుల పెట్టె, మూతకే పలక తగిలించుకునే రకం, సంచిలో పట్టేస్తుంది. స్టాండ్ మధ్యన సంచిని వేలాడదీస్తే గాలికి కదలదు. నీటి రంగులకైతే రెండూ వద్దు, ఒడిలో పెట్టుకునే పలక, మడత కుర్చీ చాలు.

తెల్లటి నేల (బొమ్మకు అడుగు పూత) మీదా, రంగు పూసిన నేల మీదా?

ఆయిల్, గ్వాష్, యాక్రిలిక్ వేసేవారికి ఎండలో తెల్ల కాన్వాస్ అనవసరమైన భారం. పక్కన తెలుపు ఉంటే పెట్టిన ప్రతి రంగూ ముదురుగా కనిపిస్తుంది. దాంతో చేయి భయపడి నీడలను తేల్చేస్తుంది. ముందురోజే మట్టిరంగు లేదా బూడిదరంగు పల్చగా పూసి ఆరబెట్టుకుంటే మొదటి నిమిషం నుంచే వెలుగు, నీడ రెండూ వాటి స్థాయిలో కనిపిస్తాయి. పచ్చటి చేలకు ఎరుపు కలిసిన మట్టిరంగు నేల బాగా కలిసొస్తుంది. కుంచె వదిలిన సందుల్లోంచి తొంగిచూసే ఆ ఎరుపు పచ్చదనానికి జీవం పోస్తుంది. ఆకాశమే బొమ్మలో ముప్పాతిక ఉంటే బూడిదరంగు నేల ఎంచుకుంటాను.

ఏ వేళకు ఏది?

ఉదయం, సాయంత్రం నీడలు పొడవుగా, ఏటవాలుగా పడి నేల వంపులన్నీ చూపిస్తాయి. దుక్కి దున్నిన చాళ్లు, చిన్న గట్లు కూడా అప్పుడే తెలుస్తాయి. బొమ్మకు అందం ఆ వేళల్లోనే ఎక్కువ. రెండింట్లో కొత్తవారికి ఉదయమే మేలు. పొద్దెక్కేకొద్దీ నీడలు పొట్టివవుతూ మార్పు నెమ్మదిస్తుంది. మొదటి పది నిమిషాల్లో నీడల ఆకారాలను గీసి పెట్టుకుంటే మిగతా సమయమంతా వాటినే నమ్ముకుని వేయవచ్చు. సాయంత్రం ఇందుకు తలకిందులు. మొదట్లో తీరిగ్గా ఉన్నట్టే ఉండి, చివర్లో అంతా పరుగే.

మిట్టమధ్యాహ్నాన్ని చాలామంది కొట్టిపారేస్తారు. నీడలు కాళ్ల కింద ముద్దలా ఉంటాయి, రంగులు వెలిసినట్టు ఉంటాయి, మాట నిజమే. కానీ ఆ వేళలో నీడల పొడవు మెల్లగా మారుతుంది కాబట్టి నిదానంగా వేసేవారికి అది దొరికే సమయం. పెద్ద చెట్టు కింద చిక్కటి నీడ, దాని చుట్టూ తెల్లబోయిన నేల లాంటి దృశ్యాన్ని మధ్యాహ్నమే వెతుక్కోవాలి. వేడికి తట్టుకునే శరీరం, తాగడానికి చాలినన్ని నీళ్లు ఉంటేనే సుమా.

ఇంగ్లండ్ చిత్రకారుడు జాన్ కాన్‌స్టబుల్ 1821, 1822లో లండన్ దగ్గరి హ్యాంప్‌స్టెడ్‌లో మబ్బుల చిత్రాలు వేసినప్పుడు చాలావాటి వెనుక తేదీ, వేళ, గాలి తీరు రాసి పెట్టుకున్నారు. బొమ్మ వెనుక మీరు కూడా వేళ రాయండి. అదే చోటికి మరో రోజు వెళ్లి కొనసాగించాలంటే ఏ గంటకు వెళ్లాలో అదే చెబుతుంది.

ఎన్ని రంగులు?

తక్కువ. తెలుపు, నిమ్మపసుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), ఒక ఎరుపు, బర్న్‌ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), అల్ట్రామెరీన్ నీలం ఉంటే చేల బొమ్మకు దాదాపు అన్నీ ఉన్నట్టే. ఎరుపు కొనేటప్పుడు ఎండకు వెలవని క్వినాక్రిడోన్ రకం చూడండి. పాత అలిజరిన్ క్రిమ్‌సన్ వెలుతురుకు వెలిసిపోతుంది.

ఎక్కువమంది తడబడేది ఆకుపచ్చ దగ్గర. ట్యూబులో వచ్చే ఆకుపచ్చలు కొనాలా, కలుపుకోవాలా? కలుపుకోమంటాను, ఎందుకో ఒక్క ఆకును దగ్గరగా చూస్తే తెలుస్తుంది. సూర్యుడు మీ వీపు వెనుక ఉంటే నున్నటి ఆకు పైభాగం ఆకాశాన్ని ప్రతిఫలించి నీలంగా, బూడిదగా తళుక్కుమంటుంది. అందులో పచ్చదనం మీరనుకున్నంత ఉండదు. అదే ఆకు మీకూ సూర్యుడికీ మధ్యలో ఉంటే ఎండ దాని లోపలినుంచి వచ్చి పసుపుగా, దీపం వెలిగించినట్టుగా కనిపిస్తుంది. దాని పక్కనే మరో ఆకు నీడ పడినచోట ముదురు పచ్చ, అందులో నేల నుంచి ఎగసిన మట్టిరంగు వెచ్చదనం. ఒక్క కొమ్మలోనే ఇన్ని పచ్చలు ఉంటే ట్యూబులోని ఒకే పచ్చతో చెట్టంతా నింపడం ఎలా? నిమ్మపసుపుకు అల్ట్రామెరీన్ కలిపితే ఎండ పచ్చ, ఓకర్‌కు అల్ట్రామెరీన్ కలిపితే ఎండిన గడ్డి పచ్చ, అందులో సియెన్నా వేస్తే నీడ పచ్చ వస్తాయి. విరిడియన్ అనే చల్లటి ఆకుపచ్చ ఒక్క ట్యూబు అదనంగా ఉంచుకోవచ్చు, అదీ ఎరుపుతో అణిచి వాడటానికే.

నేల మీది నీడలకు నలుపు ముట్టుకోవద్దు. మబ్బులేని రోజున నీడలోకి వెలుతురు నీలాకాశం నుంచే దిగుతుంది, అందుకే ఆ నీడల్లో నీలం ఉంటుంది. ఎండ పడిన నేల వెచ్చగా, నీడ పడిన నేల చల్లగా ఉంటే చాలు, రెండింటి మధ్య తేడా కొంత తక్కువైనా ఎండ కనిపిస్తుంది.

పెద్దదా, చిన్నదా? అక్కడే ముగించాలా?

స్పెయిన్ చిత్రకారుడు హోకిన్ సొరోల్లా వాలెన్సియా సముద్రతీరంలో పెద్ద పెద్ద కాన్వాసులను ఎండలోనే వేసేవారు. అది ఏళ్ల తరబడి వేగం సాధించిన చేయి. మనకు 15 × 20 సెంటీమీటర్లు, మహా అయితే 20 × 25. ఒక్క పెద్ద బొమ్మకు పట్టే సమయంలో రెండు చిన్నవి వేస్తే రెండు వేర్వేరు వెలుగులు చేతికి వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసినప్పుడు తెలిసే సంగతులు ఒక్క పెద్ద బొమ్మ నేర్పదు.

వెలుగు మారిపోయాక అక్కడే పట్టుబట్టి ముగించాలా, ఇంటికి తెచ్చి ముగించాలా అన్నది చివరి ఎంపిక. నీడలు మీరు గీసుకున్న చోటు నుంచి స్పష్టంగా జరిగిపోయాయంటే ఆపేయండి. రెండు వేళల వెలుగు కలిసిన బొమ్మను తర్వాత ఎవరూ బాగుచేయలేరు. ఇంట్లో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి: మెత్తబడాల్సిన అంచు, ఒక కొమ్మ, నిలువు తప్పిన గోడ. ఇందుకు ఫోటో ఉపయోగపడుతుంది కాబట్టి బయలుదేరే ముందు ఒకటి తీసుకోండి. రంగు విషయంలో మాత్రం ఫోటోను నమ్మవద్దు. ఎండకూ నీడకూ ఉన్నంత తేడాను కెమెరా ఒకేసారి పట్టలేదు. వెలుగు చోట్లను తెల్లగా కాల్చేసి, నీడలను నల్లగా మూసేస్తుంది. మీ కన్ను ఆ నీడలో నీలాన్ని, నేల నుంచి తిరిగొచ్చిన వెచ్చదనాన్ని చూసింది. బొమ్మలో నీడకు మీరు పెట్టిన రంగుకూ ఫోటోలోని రంగుకూ పొంతన కుదరకపోతే, బొమ్మలోనిదాన్నే ఉంచండి.